క్యాథలిక్ యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి వచ్చిన తెలుగు టీఏలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో యేసు సభ (జెసూట్లు అనే క్యాథలిక్ ఫాదర్ల సంఘం) వాళ్ళ యూనివర్సిటీలు 27 ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ప్రతి ఆగస్టులో మా డిపార్ట్‌మెంట్‌కి నలుగురైదుగురు తెలుగు పిల్లలు టీచింగ్ అసిస్టెంట్లుగా వస్తారు. ఓరియంటేషన్‌లో ఒక పూట కూర్చోబెట్టి ఇన్‌క్లూజివ్ టీచింగ్ (అందరినీ కలుపుకుని పాఠం చెప్పడం), సోషల్ జస్టిస్ అని స్లైడ్లు చూపిస్తారు. అందరూ తలూపుతారు. అసలు ప్రశ్నలు మాత్రం సాయంత్రం నా గదికొచ్చి, తలుపు దగ్గరగా వేసి అడుగుతారు. ఆ ప్రశ్నలూ నేను చెప్పే జవాబులూ ఇవి. చదువుకోవడానికి మాత్రమే వచ్చినవాళ్ళకూ చాలావరకు పనికొస్తాయి.

సార్, క్యాథలిక్ యూనివర్సిటీ కదా, చర్చికి రమ్మంటారా? మతం మారమంటారా?

అనరు. గోడ మీద శిలువ ఉంటుంది, ఏడాది మొదట్లో ఒక పూజ జరుగుతుంది, వెళ్ళేవాళ్ళు వెళతారు. విబూది బుధవారం నాడు క్లాసులో చాలామంది నుదుటి మీద బూడిద గుర్తుతో వచ్చి కూర్చుంటారు. మొదటి ఏడాది అది చూసి కంగారుపడ్డాను. తర్వాత మా తాతయ్య నుదురు గుర్తొచ్చి నవ్వుకున్నాను. బ్యాచిలర్స్ పిల్లలకు థియాలజీలో, ఫిలాసఫీలో కొన్ని కోర్సులు తప్పనిసరి. మాస్టర్స్‌కి వచ్చిన మీకు సాధారణంగా అదీ ఉండదు.

1965లో రెండో వాటికన్ మహాసభ (క్యాథలిక్ బిషప్పుల సభ) ఇతర మతాల గురించి చేసిన ప్రకటనలో హిందూ మతం ప్రస్తావన పేరుతో సహా ఉంది. ఆ మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ చర్చి తోసిపుచ్చదని అందులో రాశారు. 1990లో రెండో జాన్ పాల్ పోపు క్యాథలిక్ యూనివర్సిటీల కోసం ఇచ్చిన శాసనంలో, అక్కడ ఉండే ప్రతి ఒక్కరి మనస్సాక్షి స్వేచ్ఛనూ గౌరవించాలన్న మాట ఉంది. విజయవాడలో ఆంధ్ర లయోలాలోనో మారిస్ స్టెల్లాలోనో చదివినవాళ్ళకు ఈ వాతావరణం కొత్తేమీ కాదు. ఫాదర్లున్నారు, సిస్టర్లున్నారు, క్లాసులో సగానికి పైగా వేరే మతాల పిల్లలున్నారు, ఎవరి దేవుడు వాళ్ళ ఇంట్లో ఉన్నాడు.

సామాజిక న్యాయం అనేది రాజకీయం కదా. కాలేజీకి ఎందుకు?

ఈ అభ్యంతరం మీకంటే ముందు వాళ్ళ సొంత పూర్వ విద్యార్థులకే వచ్చింది. 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో యేసు సభ పెద్ద పెద్రో అర్రూపె పూర్వ విద్యార్థుల సభలో మాట్లాడాడు. న్యాయం కోసం నిలబడేలా మిమ్మల్ని చదివించామా అని తనే ప్రశ్న వేసి, నిజాయితీగా చెప్పాలంటే లేదు అని తనే జవాబు చెప్పాడు. పరులకోసం బతికే మనుషుల్ని తయారు చేయడమే ఇక మా చదువు లక్ష్యం అన్నాడు. మంచి ఉద్యోగాల్లో స్థిరపడి, మా కాలేజీ గొప్పదని చెప్పుకోవడానికి వచ్చిన పెద్దమనుషులు విన్న మాట అది. చాలామందికి మింగుడుపడలేదు. ఆ తర్వాత యేసు సభ వాళ్ళు తమ 1974-75 మహాసభలో విశ్వాస సేవ, న్యాయ సాధన విడదీయలేనివని తీర్మానం చేశారు.

ఆ తీర్మానం కాగితం మీదే మిగిలిపోలేదు. ఎల్ సాల్వడార్ రాజధాని పక్కనే యేసు సభ వాళ్ళ యూసీఏ యూనివర్సిటీ ఉంది, అప్పట్లో దానికి రెక్టర్ ఇగ్నాసియో ఎల్లకురియా. దేశంలో జరుగుతున్న అన్యాయాన్ని చదివి, లెక్కగట్టి, బయటపెట్టడం కూడా యూనివర్సిటీ పనే అని ఆయన వాదన. 1989 నవంబరు 16 తెల్లవారుజామున సైనికులు క్యాంపస్‌లోకి వచ్చి ఆయన్ని, మరో ఐదుగురు ఫాదర్లను కాల్చి చంపారు. అక్కడ వంట చేసే ఎల్బా రామోస్‌ను, ఆమె చిన్న వయసు కూతురు సెలీనానూ వదల్లేదు. మా క్యాంపస్‌లో ఏటా నవంబరులో వాళ్ళను తలుచుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను ఆపేసింది ఒకటే: ఫాదర్ల పేర్లతో సమానంగా, అదే సైజు అక్షరాల్లో, ఆ తల్లీకూతుళ్ళ పేర్లు.

సరే, మా పని వారానికి రెండు ల్యాబులు, నలభై పేపర్లు. ఇందులో న్యాయం ఎక్కడుంది?

పేపర్లలోనే ఉంది. అసలు విషయం ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. మా నాన్న ఏడో తరగతి. ఇక్కడికి వచ్చిన మొదటి సెమిస్టర్‌లో (వేరే యూనివర్సిటీలో) సిలబస్ కాగితం మీద ఆఫీస్ అవర్స్ అని రాసి ఉంది. అంటే ప్రొఫెసర్ ఆఫీసు పని చేసుకునే టైం, అప్పుడు వెళ్ళి విసిగించకూడదు అనుకున్నాను. సెమిస్టర్ అంతా వెళ్ళలేదు. పక్కనున్న అమెరికన్ కుర్రాడు ప్రతి వారం వెళ్ళి హోంవర్క్ సందేహాలు తీర్చుకుని వచ్చేవాడు. వాళ్ళ నాన్న లాయరు, అమ్మ ప్రొఫెసరు. అతను నాకంటే తెలివైనవాడు కాదు, ఆట రూల్స్ ఇంట్లోనే నేర్చుకుని వచ్చాడు. నాకు ఏ మార్కు ఎందుకు తగ్గిందో రెండో ఏడాదికి గానీ తెలియలేదు.

క్లాసులో మనం చేయగల న్యాయం చాలావరకు ఇదే: కొందరికి ఇంట్లోనే తెలిసిపోయే రూల్స్‌ని పైకి చెప్పేయడం. ఆఫీస్ అవర్స్ అంటే ఏమిటో, వచ్చి ఏం అడగొచ్చో మొదటి రోజు నోటితో చెప్పండి. నేనైతే మొదటి రెండు వారాల్లో ప్రతి విద్యార్థినీ ఐదు నిమిషాలు రమ్మని పిలుస్తాను. ఒకసారి ఆ గడప దాటినవాడు రెండోసారి పిలవకుండానే వస్తాడు.

అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు మూడు విషయాలు రాయండి. ఇది ఎందుకు చేయిస్తున్నాం, సరిగ్గా ఏం చేయాలి, దేన్ని బట్టి మార్కులు వేస్తాం. మేరీ ఆన్ వింకెల్మస్ అనే విద్యావేత్త ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇంగ్లీషులో టిల్ట్ అంటారు. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ నా పాత ల్యాబ్ షీట్లు తీసి చూసుకుంటే, "ఈ డేటాను చర్చించండి" అని ఒకే వాక్యం ఉంది. చర్చించడం అంటే పేజీ రాయాలా, పట్టిక వేయాలా, సొంత అభిప్రాయం చెప్పొచ్చా? తెలిసినవాడు రాస్తాడు, తెలియనివాడు తెల్లవార్లూ టెన్షన్ పడతాడు.

అంటే మార్కులు ఉదారంగా వేయమంటారా?

వద్దు. మన టీఏలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జాలిపడి మార్కులు కలిపితే ఆ పిల్లాడికి మొదటి కోర్సు గట్టెక్కుతుంది, రెండో కోర్సులో మునుగుతాడు. స్థాయి తగ్గించకండి, దారి చూపించండి. పేపర్ దిద్దేటప్పుడు పేరు కనబడకుండా పెట్టుకోండి. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్‌తో అయిపోతుంది. ఒక్కో విద్యార్థి పేపర్ మొత్తం కాకుండా, మొదటి ప్రశ్న అందరిదీ, తర్వాత రెండో ప్రశ్న అందరిదీ దిద్దండి. మొదటి జవాబు బాగా రాసినవాడికి నాలుగో జవాబులో తెలియకుండానే అరమార్కు కలిపే అలవాటు నాకూ ఉండేది.

డిసెబిలిటీ ఆఫీసు నుంచి ఒక స్టూడెంట్‌కి ఒకటిన్నర రెట్లు టైం ఇవ్వమని లెటర్ వచ్చింది. చూస్తే బాగానే ఉన్నాడు. ఏం జబ్బో అడగొచ్చా?

అడగకూడదు. అడిగితే మీకే ఇబ్బంది. జబ్బు పేరు, కాగితాలు ఆఫీసు చూసుకుంటుంది. మీకు వచ్చేది ఏం ఏర్పాటు చేయాలన్నది మాత్రమే. కంటికి కనబడని వైకల్యాలు చాలా ఉంటాయి: డిస్‌లెక్సియా, మూర్ఛ, తీవ్రమైన ఆందోళన.

చట్టం సంగతి ఇక్కడ కొంచెం తమాషాగా ఉంటుంది. 1990 నాటి వికలాంగుల చట్టంలో ప్రజలు వాడే ప్రైవేటు చోట్ల గురించిన భాగం నుంచి మత సంస్థలకు మినహాయింపు ఉంది. అయితే 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ సంస్థకైనా వర్తిస్తుంది. విద్యార్థుల ఆర్థిక సాయం రూపంలో దాదాపు అన్ని క్యాథలిక్ యూనివర్సిటీలూ ఆ డబ్బు తీసుకుంటాయి. కాబట్టి మేము చర్చి వాళ్ళం, మాకు వర్తించదు అనడానికి లేదు.

నేను చెప్పేది ఇంకొకటి. లెటర్ కోసం ఎదురుచూడకుండానే కొన్ని చేసేయొచ్చు. వీడియోకు క్యాప్షన్లు పెడితే వినబడని అమ్మాయికే కాదు, నా యాస అర్థంకాని మిగతా క్లాసుకూ మేలు. ఒక గంట పేపర్‌ని నలభై నిమిషాల్లో అయ్యేలా తయారు చేస్తే సగం గొడవ అక్కడే పోతుంది. వేగాన్ని కొలవాలనుకుంటే తప్ప టైం పెట్టి తరమడం దేనికి?

స్టూడెంట్ల పేర్లు నోరు తిరగడం లేదు.

మన పేర్లు వాళ్ళకు తిరుగుతున్నాయా? పాస్‌పోర్టులో పేరంతా ఇంటి పేరు గడిలోనే పడిపోయి, రెండో గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద సొంత పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మన పిల్లలు చాలామంది దీనితోనే దిగుతారు. క్లాసు జాబితాలోనూ అదే వస్తుంది. ఒక టీచరు సెమిస్టర్ అంతా మన అబ్బాయిని "ఫ్ను" అని పిలిచింది, అతనూ మొహమాటానికి పలికాడు! మొదటి రోజు జాబితా చదవకండి. మిమ్మల్ని ఏమని పిలవాలో చెప్పండి అని ఒక చీటీ ఇవ్వండి. నైజీరియా అమ్మాయి పేరు మూడుసార్లు తప్పు పలికినా ఫర్వాలేదు. పలకడం మానేసి "నువ్వు, వెనకనున్న అమ్మాయి" అంటే మాత్రం ఊరుకోరు.

క్లాసులో మాట్లాడితేనే మార్కులట. మనవాళ్ళు నోరు విప్పరు కదా?

విప్పరు. మాస్టారు చెబుతుంటే అడ్డొస్తే తప్పు అని నేర్పాం. ఇక్కడ మౌనంగా ఉంటే చదవలేదనుకుంటారు. ఇద్దరి తప్పూ లేదు. టీఏగా మీరు చేయగలిగింది, ప్రశ్న వేసి రెండు నిమిషాలు రాసుకోనివ్వండి, పక్కవాళ్ళతో మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాతే పైకి చెప్పమనండి. గ్రూపులు మీరే వేయండి. వాళ్ళకు వదిలేస్తే ఐదు నిమిషాల్లో తెలుగు బెంచీ, చైనా బెంచీ, ఫుట్‌బాల్ టీం బెంచీ తయారవుతాయి.

ఇంకోటి, ల్యాబులో మన స్టూడెంట్లకు తెలుగులో చెబితే త్వరగా అర్థమవుతుందని చెప్పేయకండి. మీ ఉద్దేశం మంచిదే, కానీ పక్కనే ఉన్న వియత్నాం కుర్రాడికి ఆ రెండు నిమిషాలు తలుపు వేసేసినట్టే. ఆఫీస్ అవర్స్‌లో ఒక్కరే ఉంటే తెలుగులో చెప్పుకోండి, ఎవరూ కాదనరు.

ఇక్కడ రంగు గురించి, జాతి గురించి చాలా మాట్లాడతారు. అది మనకు సంబంధించిన విషయం కాదు కదా?

రంగు సంగతి వినండి, తెలుసుకోండి. కానీ మనతో పాటు విమానంలో వచ్చిన సంగతి ఒకటుంది, కులం. కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి రూమ్‌మేట్‌గా తీసుకునే ముందు "మీ ఇంటి పేరేంటి, ఏ ఊరు, మీరేమిట్లు?" అని అడగడం నేను చెవులారా విన్నాను. అడిగినవాడికి అది మాటల్లో మాట. జవాబు చెప్పాల్సినవాడికి ఏ జవాబు చెబితే గది దొరకదో తెలుసు. అదే గుంపు క్లాసులో ప్రాజెక్టు టీం వేసుకుంటే మూడో మనిషిగా ఎవర్ని తీసుకోరో అమెరికన్ ప్రొఫెసర్‌కి అంతుబట్టదు. మీకు అర్థమవుతుంది. అందుకే గ్రూపులు మీరే వేయమన్నాను.

వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని 2019లో చేర్చింది బ్రాండైస్ యూనివర్సిటీ. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. యేసు సభ వాళ్ళ సియాటెల్ యూనివర్సిటీ ఉన్నది ఆ ఊళ్ళోనే. అదే ఏడాది కాలిఫోర్నియాలో రాష్ట్రమంతటికీ తెచ్చిన బిల్లును గవర్నర్ ఆపేశారు.

మనదేశంలో చర్చి కూడా దీనికి అతీతం కాదు. 2016లో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత విధానం ప్రకటిస్తూ, చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ ఆయనే. ఇక 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులు ఎస్సీ జాబితాలోకి రారు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి. ఈ పేరా చదివి మీకు కాస్త ఇబ్బందిగా ఉంటే, మీ క్లాసులో తెల్ల కుర్రాళ్ళకు బానిసత్వం పాఠం రోజున ఎలా ఉంటుందో అర్థమైనట్టే.

మరి ఈ యూనివర్సిటీలు చెప్పినవి తాము పాటిస్తాయా?

కొన్ని పాటిస్తాయి, కొన్నిటికి కోర్టు మెట్లెక్కుతాయి. అమెరికాలో మొట్టమొదటి క్యాథలిక్ యూనివర్సిటీ జార్జ్‌టౌన్, 1789లో పుట్టింది. 1838లో మేరీలాండ్ యేసు సభ ఫాదర్లు 272 మంది బానిసలను లూసియానా తోటల యజమానులకు 1,15,000 డాలర్లకు అమ్మేశారు. ఆ డబ్బులో కొంత కాలేజీ అప్పులకు పోయింది. ఆ అమ్మకానికి పూనుకున్న ఫాదర్ల పేర్లతో ఉన్న భవనాల్లో ఒకదానికి 2017లో, జాబితాలో మొదటి పేరైన ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. వాళ్ళ వారసులకు అడ్మిషన్‌లో ప్రాధాన్యం ఇస్తామన్నారు. 2019లో విద్యార్థులు ఓటింగ్ పెట్టుకుని, సెమిస్టర్‌కి 27 డాలర్ల 20 సెంట్లు వారసుల కోసం మేం కడతాం అని తేల్చారు.

1891లో పదమూడో లియో పోపు కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఉందని లేఖ రాశారు. జార్జ్‌టౌన్‌లో పార్ట్‌టైం అధ్యాపకులు 2013లో యూనియన్ పెట్టుకుంటే యాజమాన్యం అడ్డురాలేదు. పిట్స్‌బర్గ్‌లోని డ్యుకేన్, అదీ క్యాథలిక్ యూనివర్సిటీయే, యూనియన్ కుదరదని మతస్వేచ్ఛ పేరు చెప్పి ఏళ్ళ తరబడి పోరాడి 2020లో అప్పీల్ కోర్టులో గెలిచింది. కోర్సుల లెక్కన జీతం తీసుకునే టీచరు బస్సు పట్టుకోవడానికి పరుగెడుతూ ఇన్‌క్లూజివ్‌గా ఎంతసేపు ఉండగలదు? నా మటుకు నాకు, ఈ విషయంలో డ్యుకేన్ గెలిచి ఓడిపోయింది.

స్వలింగ సంపర్కుల విషయంలోనూ ఇలాగే ఉంటుంది. చర్చి బోధన ఒకటి, క్యాంపస్‌లో ఆ పిల్లలను ఆదరించాలన్న మాట ఇంకొకటి, రెండూ ఒకే భవనంలో ఉంటాయి. దాన్ని మీరు పరిష్కరించలేరు. మీ ల్యాబులో మాత్రం ఎవరి మీదా జోకులు నడవనివ్వకండి.

ఇద్దరు మనవాళ్ళే ఒకే కోడ్ సబ్మిట్ చేశారు. రిపోర్ట్ చేస్తే వీసా పోతుందేమో, వదిలేయనా?

వదిలేయకండి, మీరే తీర్పు కూడా చెప్పకండి. ప్రొఫెసర్‌కి చెప్పండి. మన దగ్గర కలిసి చదవడం, రికార్డు ఒకరిది ఒకరు దింపుకోవడం స్నేహం కింద లెక్క, ఇక్కడ నేరం కింద లెక్క. ఎక్కడి వరకు కలిసి చేయొచ్చో మొదటి షీట్‌లోనే ఉదాహరణతో రాయండి. నేను రాయడం మొదలుపెట్టాక ఈ గొడవలు బాగా తగ్గాయి.

టెక్స్ట్‌బుక్ రెండొందల డాలర్లుంది. స్టూడెంట్లు కొనడం లేదు.

కొనలేరు. లైబ్రరీ రిజర్వ్‌లో రెండు కాపీలు పెట్టమని ప్రొఫెసర్‌ని అడగండి. స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ లాంటి మొదటి ఏడాది సబ్జెక్టులకు రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. నేను మూడేళ్ళుగా అవే వాడుతున్నా.

దీపావళికి సెలవు ఇస్తారా?

గుడ్ ఫ్రైడేకి ఇస్తారు, దీపావళికి మామూలుగా ఇవ్వరు. కానీ మత పండగకు క్లాసు మానాలంటే, పరీక్ష మార్చుకోవాలంటే, ముందే అడిగితే ఏర్పాటు చేస్తారు. టీఏగా మీరు కూడా క్విజ్ పెట్టే ముందు రంజాన్, యూదుల యోమ్ కిప్పుర్ ఎప్పుడొచ్చాయో ఒకసారి చూసుకోండి. మీ పండగ సంగతి మొదటి వారంలోనే మెయిల్ పెట్టండి. ఆశ్వయుజ అమావాస్య అని కాదు, తేదీ రాయండి. పోయినేడు ఒక అబ్బాయి "అమావాస్య రోజున" అని రాస్తే, మా ప్రొఫెసర్ ఆకాశం వంక చూసి నన్ను పిలిచాడు.